రిలీజుకు ముందు పబ్లిసిటీ

మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళు మోశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇది రాసేముందు గది తలుపు గడియ పెట్టుకున్నాను. ఈ వయసులో ఇంకా ఎవరికి భయపడుతున్నట్టు?

నేను లాయర్ని. తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో మా సీనియర్ గారింటి ముందు గదిలో కూర్చుని సినిమా అగ్రిమెంట్లు రాసేవాణ్ణి. బీయస్సీ చదివాను కదా అని, ఒక ప్రొఫెసరు గారి పేటెంటు పని తెచ్చి సీనియర్ నా నెత్తిన పడేశారు. ఆ చట్టం నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ.

ప్రొఫెసరు గారిదని పేరేగానీ, ఆ పని స్వరూపది. ఆయన దగ్గర రిసెర్చి చేసే అమ్మాయి. మోతీనగర్‌లో కిరాయి గదిలో ఉండేది. తోలు పరిశ్రమలో తోళ్ళ మీది వెంట్రుకలు, మామూలుగా పెట్టే సున్నం లేకుండానే ఊడివచ్చేలా చేసే ఒక సూక్ష్మజీవిని పట్టుకుంది. పేటెంటు వస్తే కొనుక్కుంటామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఆమెకు తమ దగ్గరే ఉద్యోగం ఇస్తామని కూడా అంది. ఆ ఆశతోనే మా ఆఫీసు చుట్టూ తిరిగేది.

ఒకరోజు గుమ్మంలో నిలబడే అడిగింది.

“సార్, పేపరోళ్లు వచ్చిండ్రు. ఎట్ల చేసిన్నో మొత్తం చెప్పుమంటున్నరు. చెప్పొచ్చునా? జర చూసి చెప్పుండ్రి.”

నా ఎదురుగా ఒక నిర్మాత కూర్చుని ఉన్నాడు. నేను తలైనా ఎత్తలేదు.

“నిక్షేపంగా చెప్పమ్మా. రిలీజుకు ముందు ఎంత పబ్లిసిటీ వస్తే అంత మంచిది.”

సినిమాకైతే అది సరైన మాటే. పేటెంటుకు మాత్రం అది ఉరితాడు. దరఖాస్తు పెట్టకముందే పద్ధతంతా అచ్చులో వచ్చేస్తే ఇక హక్కు రాదు. చట్టం పుస్తకం తెరిచి ఉంటే తెలిసేది. తెరవలేదు.

పేపర్లో ఆమె ఫొటోతో సహా అంతా వచ్చింది. కంపెనీ తప్పుకుంది. ప్రొఫెసరు గారు నన్నూ ల్యాబు వాళ్ళనీ పిలిపించి, తన గదిలో మా అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డారు. “లాయర్ సార్‌ను అడిగే చెప్పిన” అంది. అందరూ నా వైపు తిరిగారు. నిజం చెబితే సీనియర్ బయటికి గెంటుతారు, మళ్ళీ ఎవరూ కేసివ్వరు. ఇదంతా ఆలోచించి అన్నానా, లేక నోరు తనంతట తానే అనేసిందా? ఇప్పటికీ తేల్చుకోలేను.

“నన్నెప్పుడు అడిగావమ్మా?” అన్నాను. ఛీ! ఎంత మెత్తగా అన్నానో.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి బయటికి నడిచింది. ఆ తర్వాత ప్రొఫెసరు గారు ఆమెను ల్యాబుకు రానివ్వలేదు. డాక్టరేటు మధ్యలోనే పోయింది. వెంగళరావు నగర్‌లో ఏదో ట్యూటోరియల్లో పాఠాలు చెబుతోందని విన్నాను. అప్పటినుంచి ఆటో ఎక్కితే ఆ దారిన వద్దని చెప్పడం అలవాటైంది.

ఇక నా సంగతి. మళ్ళీ దొరికిపోతానన్న భయంతో పేటెంటు చట్టం అక్షరం వదలకుండా చదివాను. అది తెలిసిన లాయర్లు ఊళ్ళో కరువు. యూనివర్సిటీలు, బయోటెక్ కంపెనీలు నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. జూబ్లీహిల్స్‌లో సొంత ఆఫీసు పెట్టాను. నా బతుకంతా ఆమె పోగొట్టుకున్న దాని మీదే లేచింది.

ఇంతకన్నా సిగ్గుచేటైన మాట ఒకటుంది. రిసెర్చి విద్యార్థులకు నేనిచ్చే ప్రతి ఉపన్యాసం ఆమె కథతోనే మొదలయ్యేది. ‘ఒక అమ్మాయి తొందరపడి పేపరు వాళ్ళకి చెప్పేసింది’ అనేవాణ్ణి. పిల్లలు పగలబడి నవ్వేవారు.

చివరిసారి మాత్రం వెనక వరసలోంచి ఒక అమ్మాయి నవ్వకుండా లేచింది. “ఆమెకు చెప్పేటోళ్లు ఎవరూ లేకుండెనా సార్?”

నీళ్ళు తాగాను. “లేరమ్మా” అన్నాను.

ఉన్నాడు. అడిగింది కూడా. చెప్పెయ్యమన్నది నేనే.