మా మామ కట్టిన గుండ్రటి కొట్టం

మొన్న తిమ్మాజిపేట దాటాక, రోడ్డు పక్కన కొత్తగా వెలిసిన దాబా ముందు మా అబ్బాయి కారు ఆపాడు. గుండ్రటి గోడలు, పైన గడ్డి కప్పు, విప్పిన గొడుగులు నిలబెట్టినట్టున్న గుడిసెలు. లోపల కూర్చుని చాయ్ తాగుదామన్నాడు. నేను ఎండలోనే కుర్చీ వేయించుకున్నాను. వాడు విసుక్కున్నాడు గాని, అటువంటి కప్పు కింద కూర్చోవడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

నేను తెలకపల్లి దగ్గరి ఊరికి కోడలిగా వచ్చిన ఏడాదే మా మామ గుండ్రటి పశువుల కొట్టం కట్టాడు. ఎడ్లు కొనడానికి బల్మూర్ వైపు వెళ్లినప్పుడు అక్కడి చెంచుల గుడిసెలు చూసి వచ్చాడట. మా వైపు కొట్టాలు పొడుగ్గా, నాలుగు మూలలతో ఉంటాయి. ఈయన మాత్రం "గాలికి మూల దొరికితేనే గదా కప్పును పట్టి లేపేది? మూలనే లేకపోతె ఏం జేస్తది?" అని ఊరంతటికీ చెప్పాడు. చెలకలో రాళ్లు ఏరించి, మట్టితో గోడ చుట్టించాడు. నడుమ స్తంభంలా ఒక్కటే నిట్రాడు. గోడ మీంచి వాసాలన్నీ దాని నెత్తిమీదికే చేరేవి. పశువులు ముఖాలు లోపలికి పెట్టి చుట్టూ నిలబడితే, నేను నడుమ ఉండి కదలకుండానే అన్నిటికీ మేత వేసేదాన్ని. "ఊడ్సనీకి మూలల్లేవు, ఇగ కోడలు చెత్త ఏడ దాస్తదో" అని మా అత్త నవ్వేది. పొరుగూళ్ల వాళ్లు చూడడానికి వస్తే మామ చేతిలో పని వదిలేసి, తలుపు దగ్గర నిలబడి అంతా వివరించేవాడు. ఆ కొట్టంతో ఆయన నడకే మారిపోయింది.

ఆ గొప్ప విని ఊళ్లో ఒకామె తన సూడి బర్రెను మా దగ్గర వదిలింది. ఆమె, ఆమె పెనిమిటి ఏటా పంటలయ్యాక పుణె వైపు మట్టి పనికి పోయేవాళ్లు. "కన్నబిడ్డ లెక్క సూస్త, ఫికర్ జెయ్యకు" అని మామ మాట ఇచ్చాడు.

నిట్రాడు అడుగున చెదలు పట్టింది. మా అత్త చూసి చెప్పింది కూడా. చేవ ఉన్న కట్టెను చెదలేం చేస్తాయని ఆయన కొట్టిపారేశాడు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం, మా ఎడ్లు ఎరువు బండ్లతో చెలకలో, మా పాడి బర్రె మేతకు పోయి ఉండగా, గాలితో వడగండ్ల వాన పడింది. మామూలు కొట్టంలో ఒక గుంజ విరిగితే ఒక పక్కే కూలుతుంది. ఇక్కడ బరువంతా నడుమనే. నిట్రాడు విరగ్గానే కప్పు మొత్తం ఒక్కసారి కూలబడింది. లోపల కట్టేసి ఉన్నది ఆ బర్రె ఒక్కటే. తడిసిన గడ్డిని అందరం చేతులతో లాగి చూసేసరికి దాని ప్రాణం పోయింది. మీ పశువులు లేకపోవడం అదృష్టమని ఎవరో అన్నారు. ఆ మాటకు మామ తల ఎత్తలేదు.

తిరిగొచ్చిన రోజు ఆమె తన ఇంటికి కూడా పోకుండా, నెత్తిమీద మూటతో నేరుగా మా వాకిట్లోకి వచ్చింది. పుట్టబోయే దూడ మెడకని చిన్న గంట తెచ్చింది.

"ఈనిందా అమ్మా? దుడ్డె మంచిగుందా?" అని నన్నడిగింది.

మామ లోపలి నుంచి వచ్చాడు.

"కొట్టం కూలింది. నీ బర్రె సచ్చిపోయింది. చెదలు పట్టిందని మా ఇంటామె చెప్పె, నేనే ఇనలే" అన్నాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొట్టం ఉన్నచోట మిగిలిన రాళ్ల కుప్ప వైపు చూస్తూ నిలబడింది. ఆయన మా పాడి బర్రెను విప్పి, పలుపు ఆమె చేతిలో పెట్టాడు. "మాది నా గొంతు ఇంటె అరుస్తుండె పటేలా" అని మాత్రం అని, ఆమె దాన్ని తోలుకుపోయింది.

మరుసటి ఏడు వలస పోయే ముందు, ఆమె ఆ బర్రెతో మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. అరుగు మీద ఉన్న మామ, ఆగుతుందేమోనని లేచి నిలబడ్డాడు కూడా. "బాగున్నవా పటేలా" అని ఆమె మర్యాదగానే పలకరించి, వీధి చివరి ఇంటివాళ్లకు దాన్ని అప్పజెప్పి వచ్చింది. ఆయన లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట బువ్వ ముట్టలేదు. నేనూ మా అత్తా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

తర్వాత మళ్లీ కొట్టం కట్టుకున్నాం, అందరిలాగే పొడుగాటిది. ఊరు ఆ సంగతి మరిచిపోయింది. ఆమె కూడా మరిచిందేమో, మా అత్త పోయినప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది. మామ మాత్రం ఆఖరిదాకా ఆమె ఎదురైతే పక్కకు జరిగి తల దించుకునేవాడు. కాలం ఆయన చూపును, వినికిడిని, చివరికి మా పేర్లను కూడా ఒక్కొక్కటిగా తీసుకుపోయింది. ఆ సిగ్గును మాత్రం ఆయన దగ్గరే వదిలేసింది.