గొర్రెపిల్లల గంప కింద గొల్లభామలు

జమ్మలమడుగులో, పులివెందులలో, చివరికి ప్రొద్దుటూరులో పత్రికకు ఫొటోలు తీసినన్నాళ్లూ, నా కెమెరా ముందు నిలబడినవాళ్లంతా నేను చెప్పకముందే నవ్వేవాళ్లు. పురుగులు అలా కాదు. రిటైరయ్యాక, చిన్న ప్రాణుల్ని దగ్గరి నుంచి తీసే లెన్సు కొనుక్కుని పొలాల వెంట పడ్డాను. చీమ తన మీసం దువ్వుకోవడం తెరమీద పెద్దగా చూసిన రోజు, గట్టు మీద ఒక్కణ్ణే కూర్చుని పగలబడి నవ్వాను.

చాపాడు దగ్గర ఒక పత్తి చేను. గొర్రెలు మేపే కుటుంబం, ఇప్పుడు సేద్యమూ చేస్తున్నారు. చేని పక్కనే దొడ్డి. గట్టువార మొక్కకు, ముందుకాళ్లు చేతుల్లా ఎత్తి నిలబడే గొల్లభామ పురుగు గుడ్లగూడు అంటుకుని కనిపించింది. నురగ ఎండి గట్టిపడినట్టు, చింతగింజంత ముద్ద. అందులోంచి పిల్లలు బయటికొచ్చే క్షణం నాకు కావాలి. రోజూ తెల్లారగానే స్కూటరు మీద వెళ్లి దాని ముందు బోర్లా పడుకునేవాణ్ణి. పంటనష్టం ఫొటోలకు వచ్చాననుకుని, చేనాయన పురుగు తిన్న పత్తికాయలన్నీ ఏరి తెచ్చి నా ముందు పోశాడు. కాదని చెప్పాక, పాపం, ఆ కాయలు ఎత్తుకుపోవడానికి కూడా ఆయనకు మనసు రాలేదు.

ఒక పొద్దున వెళ్లేసరికి ఆయన వీపున మందు పంపు ఉంది. రసం పీల్చే పురుగు ముదిరింది, గాలి లేవకముందే కొట్టాలి. చేని అవతలి కొసన అప్పటికే మొదలుపెట్టాడు. నేను గట్టుకు పరుగెత్తాను. గూడు విచ్చుకుంటోంది. నువ్వుగింజంత తలలతో పిల్లలు సన్నటి దారాలకు వేలాడుతున్నాయి, ఒకదాని కాలు పట్టుకుని ఇంకొకటి. పంపు చప్పుడు సాలు సాలుకూ దగ్గరవుతోంది.

ఆయనకు అడ్డం నిలబడి, ఈ మొక్క ఒక్కటి వదిలేయమన్నాను. పక్క మొక్కలకు కొడితే దీనిమీద పడకుండా ఎట్లా అన్నాడు. కొమ్మ కోసుకుపొమ్మన్నాడు. కదిలిస్తే దారాలు చిక్కుపడి చచ్చిపోతాయని చెప్పి కెమెరా తెర చూపించాను. చాలాసేపు చూశాడు.

"వీటి తల్లి యాడుందప్పా?"

"ఎప్పుడో చచ్చింటుంది మామా."

"అట్లయితే పాలెవురిస్తారు?"

వీటికి పాలతో పనిలేదనీ, ఆకలేస్తే ఒకదాన్నొకటి తింటాయనీ చెప్పాను. మా దాయాదుల కన్నా ఇవే నయం, పుట్టిన దినమే తేల్చుకుంటాయి అన్నాడు.

పంపు దించి దొడ్డిలోకి వెళ్లి పెద్ద వెదురు గంప తెచ్చాడు. మంద మేతకు పోయినప్పుడు, నడవలేని గొర్రెపిల్లల్ని దానికిందే మూసిపెడతారు. మొక్క మీద బోర్లించబోయాడు. నా ఫొటో పోతుందే!

"నన్నూ మూసెయ్ మామా."

 ముక్కుకు తువ్వాలు కట్టుకోమని చెప్పి, మొక్కనూ నా నడుము పైభాగాన్నీ కలిపి మూసి, చేలోకి చూసే వైపు గోనెపట్టా కప్పాడు. లోపల గొర్రెపిల్లల వాసన. గట్టువైపు వెదురు సందుల్లోంచి సన్నసన్నటి వెలుగు చారలు. అంత మంచి వెలుతురు నాకు ఏ సభలోనూ దొరకలేదు. ఒక్కో పిల్లా దారం మీదుగా ఆ చారలోకి దిగి, గాజుబొమ్మలా మెరిసి, నడక మొదలుపెడుతోంది. నవ్వితే కెమెరా కదులుతుందని పెదవి కొరుక్కుంటూ తీశాను. బయట పంపు నన్ను చుట్టి పోయింది. అంతలో చేనాయన భార్య సంగటి తెచ్చినట్టుంది.

"గంప కింద ఆ కాళ్లెవురివి?"

"పేపరాయనవి. పిల్లలు పుడతాండాయి, మెల్లగా మాట్లాడు."

గంప ఎత్తేసరికి పిల్లలన్నీ నా మీదే ఉన్నాయి. జుట్టులో, కనుబొమ్మల మీద, కళ్లద్దాల అంచున. మూసిన మొక్క తప్ప చేనంతా మందుతో తడిసింది, అక్కడే వదిలితే పక్క మొక్కల మీదికి పాకి చస్తాయి. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంప దగ్గరికి నడిపించి, కూర్చోబెట్టి, పేలు చూసినట్టు తల వంచి, ఒక్కోదాన్నీ ఊది కంప మీదికి దించసాగింది. నాకు నవ్వు ఆగడం లేదు.

"కదలొద్దప్పా," అంది. "నీ చెవికాడ ఒగటి నన్ను కొట్టేదానికి చేతులెత్తుతాంది."