ఒక్క గీతే వచ్చిన మధ్యాహ్నం

ఐరాలలో డాక్టర్ బాలచంద్ర క్లినిక్‌లో రూతు రక్తపరీక్షలు చేయబట్టి పద్దెనిమిదేళ్లు. ఆ ఏడు వానలు మొదలవగానే తిరుపతిలోని ఒక ల్యాబ్ రెండు వందల డెంగీ కిట్లు పంపింది. వేలి నుంచి చుక్క రక్తం తీసి పట్టీ మీద వేస్తే పదిహేను నిమిషాల్లో డెంగీయో కాదో తెలుస్తుందట. పల్లెటూరి క్లినిక్‌లో ఆ మాట ఎంతవరకు నమ్మవచ్చో చూడాలి. అందుకని ప్రతి రోగి దగ్గరా ఇంకో సీసాలో రక్తం తీసి తిరుపతికి పంపాలి. అక్కడి ఫలితంతో పోల్చి చూస్తారు.

ఆ పదిహేను నిమిషాలంటే రూతుకు ఇష్టం. తెల్లటి పట్టీలో రక్తం గులాబీ పొగలా పాకుతుంటే గదిలో చప్పుళ్లన్నీ ఎక్కడికో వెళ్లిపోయేవి. కిటికీ అవతల మామిడి తోపు నీళ్లలో మునిగినట్టు ఊగేది. మొదటి గీత కిట్ పనిచేస్తోందని చెప్పేది. రెండోది వస్తే డెంగీ. ఒక్కోసారి ఆ రెండోది నిద్రలో ఎవరో పిలిచినట్టు, ఉందో లేదో తెలియనంత పలచగా ఉండేది. రూతు ప్రతిదానికీ ఫారంలో టైము రాసిపెట్టేది.

ఒక మధ్యాహ్నం శెనక్కాయ చేలో పడిపోయిన మునెమ్మను కూతురు ఐశ్వర్య ఆటోలో తెచ్చింది.

"నాలుగు దినాల నుంచి జరమక్కా. కండ్లెనక ఒకటే పోటంట" అంది ఐశ్వర్య.

పట్టీ మీద ఒక్క గీతే వచ్చింది.

"డెంగీ కాదులేమ్మా, మాత్రలిచ్చి పంపు" అన్నాడు డాక్టరు.

రూతు కదల్లేదు. మునెమ్మ మోచేతి మీద ఆవగింజలంత ఎర్రటి చుక్కలు కనిపించాయి.

"సార్, ఈ చెయ్యి ఒకసారి సూడండి. నాకెందుకో ఈ పట్టీ మీద నమ్మకం కుదర్లేదు."

డాక్టరు చూశాడు. చిత్తూరుకు చీటీ రాసిచ్చాడు. సాయంత్రానికల్లా మునెమ్మ చిత్తూరులో పెద్దాసుపత్రి మంచం మీద ఉంది. మూడో రోజు తిరుపతి నుంచి ఫలితం వచ్చింది, డెంగీయే. పది రోజులకు ఆమె ఆటో దిగి తన కాళ్ల మీద ఇంట్లోకి నడిచి వెళ్లింది.

అప్పుడు రూతు ఫారాలన్నీ ముందేసుకుని కూర్చుంది. తిరుపతి ఫలితంలో డెంగీ ఉన్నా పట్టీ లేదని చెప్పినవి తొమ్మిది. అందులో ఎనిమిది మధ్యాహ్నం చేసినవే. పొద్దున్నే ఆ రోజుకు కావలసిన కిట్లు తీసి కిటికీ పక్క అలమరలో పెట్టడం ఆమెకు అలవాటు. పైన రేకుల కప్పు. కరెంటు పోతే ఫ్యాను ఉండదు. అలమరలో థర్మామీటరు పెట్టి చూస్తే ముప్పై ఎనిమిది డిగ్రీలు. ఆ వేడికే పట్టీలు పాడవుతున్నాయేమో అనుకుంది.

మరుసటి రోజు నుంచి సగం కిట్లు అలమరలోనే ఉంచి, సగం వెనకవైపు నీడపట్టున ఉన్న చల్లగదిలో పెట్టింది. నెల తిరిగేసరికి తేడా ఎవరికైనా తెలిసేంతగా కనబడింది. చల్లగదిలో పెట్టినవాటిలో ఒక్కటే తప్పింది, అలమరలోవాటిలో ఏడు.

తిరుపతి ల్యాబ్ మీటింగులో ఆ లెక్క చెప్పడానికి డాక్టరు ఆమెనే నిలబెట్టాడు. కోమలి అనే చిన్న వయసు సైంటిస్టు లేచి, "మా ఏసీ గదిలో ఇది మాకు ఎప్పటికీ తెలిసేది కాదు మేడం" అంది. వేడెక్కిన కిట్ 'లేదు' అంటే నమ్మకూడదని నివేదికలో రాసుకున్నారు.

తిరుగు బస్సు చంద్రగిరి దాటుతుండగా కొండల మీద మబ్బు దూదిలా జారుతోంది. మేడం అన్న ఆ పిలుపు రూతు చెవిలో ఇంకా మెత్తగా తిరుగుతోంది. భర్త ఇమ్మానుయేల్ ఫోన్ చేశాడు.

"ఏమన్న్యారే?"

"నేను జెప్పింది రాసుకున్న్యారబ్బా" అంది. ఇంకేదో చెప్పాలనుకుంది గానీ కిటికీలోంచి వచ్చే గాలికి కళ్లు మూతలు పడుతున్నాయి.