షామియానా షరతు

జగన్నాధం మాస్టారి జేబులో ఎప్పుడూ మూడు రంగుల పెన్నులుంటాయి. ఆయన శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతారు. ఏ వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ రాయాలన్నా, ముందు అందులోని ప్రతి వస్తువుకీ ఒక గడి గీసి, దాని కింద తిరుగులేని షరతులు ఎర్రపెన్నుతో రాయనిదే ఆయనకు అన్నం సయించదు. ఇంట్లో కాఫీ అందుకుంటూ కూడా "గ్లాసు ఖాళీగా ఉండరాదు" అని గొణుగుతారు. భార్య అనూరాధ నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

అరసవల్లిలో టెంట్‌హౌస్ నడిపే కొండబాబు సాఫ్ట్‌వేర్ కావాలన్నాడని, ఒక ఆదివారం అతని కొట్లోనే కూర్చుని కుర్చీకో గడి, షామియానాకో గడి గీశారు. "బుకింగ్ లేనిదే సామాను కదలరాదు" అని ఎర్రగా రాసి, కళ్లజోడు సవరించుకుని, గర్వంగా చదివి వినిపించారు. కొండబాబు కుర్చీలు తుడుస్తూనే అన్నాడు: "అలగైతే సావింటికి ఏటి సేత్తాం మాస్టారూ? కబురు తెలిస్తే సాలు, బండెక్కించేత్తాం. నిరుడు మీ నాన్నగారు పోయిన్రోజు మీరు బుక్ సేసినారేటి?"

ఆ రోజు వాకిట్లో షామియానా ఎవరు వేశారో మాస్టారు ఇంతవరకూ అడగనేలేదు. ఎర్ర అక్షరాలు కొట్టేయడానికి ఏ రంగు వాడాలో తోచక, మూడు పెన్నులూ జేబులో పెట్టేసి, ఇంకో గుడ్డ అందుకుని కుర్చీలు తుడవసాగారు.