రిఫండ్ బిర్యానీ

అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్న రోజుల్లో మా అపార్ట్‌మెంట్స్‌లోని తెలుగువాళ్ల టాక్స్ రిటర్నులన్నీ నేనే ఫైల్ చేసేవాణ్ణి. స్నేహితుడు ప్రసాద్ 2011లో తన రిటైర్‌మెంట్ డబ్బును రాత్ అనే మరో రకం రిటైర్‌మెంట్ ఖాతాలోకి మార్చాడు. దాని మీద టాక్స్ కట్టాలి. ఆ పెట్టుబడి విలువ పడిపోవడంతో 2012 జనవరిలో ఆ మార్పు రద్దు చేసుకున్నాడు. ఇక టాక్స్ లేదు. నాకు చెప్పాడు కూడా. రద్దు చూపే కాగితం మరుసటేడు గానీ రాదు. నేను పరాకుగా, చేతిలో ఉన్న మార్పు కాగితమే ఎక్కించి టాక్స్ కట్టించాను. పాపం, కారు కొనడం మానుకుని కట్టాడు.

మరుసటేడు రద్దు కాగితం చూడగానే వాడు ముందే చెప్పిన సంగతి గుర్తొచ్చింది. "టాక్స్ ఎక్కువ పే చేశావురా, రిటర్ను అమెండ్ చేసి వెనక్కి తెప్పిస్తా" అన్నానే గానీ, తప్పు నాదనలేదు. రిఫండ్ రాగానే వాళ్లావిడ బిర్యానీకి పిలిచింది. "మీరు చూశారు కాబట్టి సరిపోయింది అన్నయ్యా!" అంటూ కొసరి కొసరి వడ్డించింది. తలొంచుకుని తిన్నాను.

ఈ పత్రిక వాళ్లింటికీ వస్తుంది. అందుకే రాస్తున్నాను.