రామతీర్థానికి రెండు సీట్లు

మార్గశిర శుద్ధ విదియ, శనివారం. ఎండ బాగా ఉంది, గాలి లేదు. షెడ్డు దగ్గర ఉన్నవారు: అక్క, బావ, మెకానిక్కు, నేను.

డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. విషయం ఏదైనా ముందు ఎవరెవరు ఉన్నారో రాయడం ఫైర్ స్టేషన్ ఉద్యోగంలో పడిన అలవాటు. రిటైరైనా వదల్లేదు.

బావ విజయనగరంలో వీణ మేష్టారుగా పనిచేశాడు. వయసులో ఉండగా, బొబ్బిలి వైపు ఒక పెద్దింటివారు వదిలించుకుంటున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. పైకప్పు వెనక్కి మడిచేయవచ్చు. ఇద్దరికే చోటు. కొన్న వారంలోనే అక్కను రామతీర్థం గుడికి తీసుకెళ్తానని బయలుదేరాడు. నెల్లిమర్ల దాటకుండానే కారు ఆగిపోయింది. ఇద్దరూ బస్సులో ఇంటికి చేరారు. మళ్ళీ తీసుకెళ్తానని అప్పుడే మాట ఇచ్చాడు. ఆ తర్వాత పిల్లల చదువులు, పాఠాలు, దొరకని విడిభాగాలు. చివరికి కారు షెడ్డులోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు, షెడ్డు పోతుంది. విశాఖపట్నంలో పాత కార్లు అపురూపంగా చూసుకునే ఒకాయనకు కారు ఇచ్చేయడానికి బావ ఒప్పుకున్నాడు. ఆయన ఆ శనివారం తర్వాతి బుధవారం వచ్చి తీసుకెళ్తాడు. ఈలోగా ఒక్కసారైనా అక్కను పక్కన కూర్చోబెట్టుకుని రామతీర్థం వెళ్ళాలని బావ కోరిక. అందుకే నన్ను పిలిచాడు.

"ఏటుందిరా, బేటరీ ఎట్టి నలుగురం తోసీస్తే అదే లెగుస్తాది" అన్నాడు.

"లెగవడం తరవాత బావా. ముందు ఆగుతాదో లేదో సూడాల" అన్నాను.

"ఒరే, కదలని బండికి బ్రేకులు సూస్తానంతన్నాడు సూడే మీ తమ్ముడు!"

అక్క ఎవరి పక్షమూ వహించలేదు. "ఇద్దరూ కాఫీ తాగీసి దెబ్బలాడుకోండి" అంది.

డైరీలోని ఆ శనివారానికి ముందు సోమవారమే పని మొదలుపెట్టాం. టాంకులో పెట్రోలు చిక్కబడి వార్నిష్ వాసన కొట్టింది. అదంతా తీసేసి టాంకు కడిగించాం. పెట్రోలు వెళ్ళే రబ్బరు గొట్టాలు వంచితే చిట్లిపోయాయి, కొత్తవి వేశాం. గాలి వెళ్ళే చోట ఎలుకలు గూడు కట్టుకున్నాయి. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో కాస్త ఆయిలు వేసి, మర్నాటిదాకా నాననిచ్చి, ఇంజను చేత్తో తిప్పాం. మొదట మొండికేసింది, తర్వాత మెల్లగా తిరిగింది. టైర్లు చూడడానికి బాగానే ఉన్నాయి గాని పక్కలు పగిలాయి. వాటినీ మార్పించాను.

బ్రేకుల కోసం చక్రాలు విప్పినప్పుడు మెకానిక్కు ముందు ఎడమ చక్రం దగ్గర ఆగిపోయాడు.

"మేష్టారూ, మిగతా మూడూ పరవాలేదు. ఇదొక్కటే అన్నేయంగా తుప్పట్టీసినాది. ఏటి సేసినారు దీన్ని?"

"నానేటి సేస్తాను? ముట్టుకుంటే గదా!" అన్నాడు బావ.

గుమ్మంలో కూర్చున్న అక్క పకపకా నవ్వింది. "పూజ సేసినారు. ఏటేటా ఆయుధ పూజకి సెంబుడు పసుపు నీళ్ళు, కొబ్బరినీళ్ళు దాని నెత్తిమీదే పోసినారు. మిగతావాటి దగ్గరికి ఎల్లడానికి ఈ సామాన్ల మద్దెన సందేదీ?"

బావ ముఖం చూసి మాకూ నవ్వు ఆగలేదు. ఏళ్ళ తరబడి భక్తి అంతా షెడ్డు తలుపు పక్కనున్న ఆ ఒక్క చక్రానికే చేరింది. లోపల బ్రేకు పూర్తిగా పట్టేసింది. అలాగే రోడ్డెక్కితే, బ్రేకు తొక్కినప్పుడల్లా కారు ఒక పక్కకి లాగేసేది. నాలుగు చక్రాల బ్రేకులకూ కొత్త రబ్బర్లు, నూనె, ఆ చక్రానికి కొత్త బ్రేకు షూలు వేయించాం. ఆ పని శుక్రవారానికి పూర్తయింది.

శనివారం కారును షెడ్డులోంచి ఆరుబయటకు తోశాం. పెట్రోలు ఎక్కడైనా కారి అంటుకుంటుందేమోనని ఇసుక బక్కెట్టు దగ్గర పెట్టాను. ఇంజను రెండుసార్లు దగ్గి, పొగ వదిలి, అందుకుంది. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. శిష్యుడు వీణ తీగ సవరిస్తుంటే ఎలా వినేవాడో, అలాగే. మెకానిక్కు ఏదో స్క్రూ తిప్పుతూ ఉంటే, "ఇంకొంచెం... ఆఁ, ఒగ్గీ" అన్నాడు. మెకానిక్కు చెయ్యి తీసేశాడు.

నడిచే వేగంలో రెండుమూడు సార్లు ముందుకు నడిపి బ్రేకు వేశాను. కారు తిన్నగా ఆగింది. దిగి, తాళం బావ చేతిలో పెట్టాను.

కారుకు పరీక్షలన్నీ చేశాను. బావ ఎడమ మోకాలి సంగతి మాత్రం వారమంతా మాలో ఎవరమూ ఎత్తలేదు. రెండేళ్ళుగా మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటున్నాడు. ఇంట్లోని చిన్న కారును అక్కే నడుపుతోంది. అయినా రామతీర్థం మాట రాగానే ఆయన ముఖంలో వచ్చే వెలుగు చూసి నేను నోరు మెదపలేకపోయాను.

బావ కూర్చుని క్లచ్చి తొక్కాడు. కాలు సగం దాకా వెళ్ళి వణికింది. మళ్ళీ తొక్కాడు. పాదం జారింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"క్లచ్చి బిగిసిపోనాది" అన్నాడు బావ, స్టీరింగు వైపే చూస్తూ. మెకానిక్కు నా వంక చూశాడు.

అక్క లేచి వచ్చింది. "క్లచ్చి బాగానే ఉన్నాది. ఇటు జరగండి, నాను నడుపుతాను."

"దీన్నా? దీని మీద ఇంకొకరి సెయ్యి పడనిచ్చానా ఎప్పుడైనా?"

"రామతీర్థం తీసుకెల్తానన్నది మీరు. వస్తానన్నాను గాని, ఎటేపు కూకుంటానో సెప్పానా?"

బావ గేరు మీద చెయ్యి వేసి ఒకసారి అటూ ఇటూ కదిపాడు. అక్క తొందరపెట్టలేదు. తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆఖరికి బావ అన్నాడు: "రెండో గేరు ఏసినప్పుడు ఒకింత ఆగాల. లేపోతే కీచుమంతాది."

"అలాగే ఆగుతాను" అంది అక్క.

మర్నాడు తెల్లవారాక అక్క కొంగు బిగించి స్టీరింగు ముందు కూర్చుంది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎడమ సీటులో చేరాడు. గేటు దగ్గర కారు రెండుసార్లు ఆగింది. మూడోసారి కదిలింది. మెకానిక్కు తన బండి మీద కాస్త దూరంలో వెనకే బయలుదేరాడు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. వీధి చివర నెల్లిమర్ల వైపు ఎడమకు తిరగాలి. అక్క వేగం తగ్గించింది. మలుపు చూపించే లైట్లు ఆ పాతకాలపు కారుకు లేవు. అప్పుడు బావ తన చెయ్యి బయటికి బారుగా చాచి, కారు పూర్తిగా మలుపు తిరిగేదాకా అలాగే ఉంచాడు.