పన్నెండు వోల్టుల పరువు

తిరుచానూరులో ఒక పెళ్లి మెరవణిని, అంటే ఊరేగింపును, ఒంటిచేత్తో ఎలా నాశనం చేశానో చెబుతాను. నవ్వుకోండి. నా ఎదుట మాత్రం వద్దు. మా వంశంలో నవ్వులపాలయ్యే అలవాటు లేదు.

తాతగారి మేడ పోయింది, మామిడితోటలు పోయాయి. మిగిలింది ఆయన కారు, ఆయన పెట్టిన నియమం. మా ఇంటి అల్లుడు ఆ కారులోనే మెరవణి రావాలి. మండపం గడప దాకా నేల మీద కాలు మోపకూడదు. అక్క కూతురి పెళ్లికి ఆ భారం మేనమామనైన నా మీద పడింది.

"రేయ్, బాడుగ కారు పెట్టుకుందాంరా. ఇది నడీదిలో నిలిచిపోతే మొగపెళ్లోళ్ల ముందర నా తల యాడ పెట్టుకునేది?" అంది అక్క.

"మన అల్లుడు బాడుగ బండిలోనా?" అని నిటారుగా నిలబడ్డాను.

అక్క మాటలో నిజం లేకపోలేదు. కారులోని ఆరు వోల్టుల బ్యాటరీతో హెడ్‌లైట్లు వేస్తే రెండు అగరొత్తులు వెలిగించినట్టుండేది. అందుకే కారును తిరుపతిలో ఒక మెకానిక్‌కు అప్పగించాను. ఇంజను కంటే అతని నోరే ఎక్కువ తిరుగుతుంది. పాత డైనమో తీసి ఆల్టర్నేటర్, పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టాడు.

"సామీ, బల్బులు, వైపర్ మోటారు, హారను కూడా మార్చల్ల. అవన్నీ ఆరు వోల్టులయి, పన్నెండుకు తట్టుకోలేవు. నా కాడ పాట పాడే హారన్ ఉండాది, సూడు..."

"తాతగారి హారన్ తీసేసి పాటలు పాడిస్తావా? అది మోగితే ఊరంతా లేచి నిలబడేదయ్యా! బానెట్ కింద ఏమైనా చేసుకో. పైకి కనిపించేది, వినిపించేది ఒక్కటి కూడా ముట్టుకోవద్దు."

"సరే సామీ. పెండ్లి నాది కాదు గదా."

మెరవణి నాడు ఒక్క తిప్పుకే కారు స్టార్టయింది. నా మీసం దానంతటదే పైకి లేచింది. అద్దం మీద మల్లెదండలు, వెనక సీట్లో అల్లుడు, ముందు మేళం. చీకటి పడుతుండగా హెడ్‌లైట్లు వేశాను. రెండు పిడుగులు పడ్డట్టు వెలిగి, టప్పున పేలిపోయాయి. కంగారులో వైపర్ మీట తగిలింది. పూనకం వచ్చినట్టు ఊగిన ఆ వైపర్లు మల్లెదండను పీకి నాదస్వరం ఆయన మొహాన కొట్టాయి. ఆయన్ను తప్పుకోమని హారన్ నొక్కాను.

ఆ హారన్ ఇక ఆగలేదు.

"ఆపప్పా!" అని అరిచాడు పెళ్లికొడుకు తండ్రి.

"ఆగడం లేదు!"

"ఏందీ?"

"ఆగడం లేదంటున్నాను!"

"ఆ హారన్ ఆపితే గదా నువ్వు చెప్పేది వినపడేది!"

లాడ్జీల కిటికీలన్నీ తెరుచుకున్నాయి. నేను చెప్పినట్టే ఊరంతా లేచి నిలబడింది. కాసేపటికి గుప్పున పొగ వచ్చింది. హారన్ ఆగింది, దాంతోపాటే ఇంజనూ ఆగింది. అల్లుడు తలుపు తీసి ఒక కాలు బయట పెట్టబోయాడు.

"కాలు లోపల పెట్టు నాయనా! నియమం!"

"మామా, సీటు కింద కాలతాండాది!"

అక్క నా వైపు చూసిన చూపు కంటే సీటు కింద కాలుతున్న వైర్లే నయమనిపించాయి. ఇంతలో బంతిపూల బుట్టలతో వెనక ఇరుక్కుపోయిన లగేజీ ఆటోలోంచి పూలమ్మే ఆమె కేకేసింది: "ఓ పెండ్లికొడకా, ఇట్ల దూకు నాయనా! నలిగితే పూలే గదా!"

అల్లుడు ఫుట్‌బోర్డు మీంచి బుట్టల్లోకి దూకాడు. కాలు నేలకు తగల్లేదు. మేళం మళ్లీ అందుకుంది. ఆటో మీద రాజులా అల్లుడు, దాని వెనక మొహం నిండా మసితో కాలినడకన నేను.

మొన్న అక్క ఫోన్ చేసింది. రెండో కూతురికి సంబంధం కుదిరిందట.

"మొగపెళ్లోళ్లు ఏమీ అడగలేదురా. పెండ్లికొడుకును మాత్రం బంతిపూల ఆటోలోనే తీసుకరావాలంట."

అమ్మవారి సాక్షిగా, తాతగారి మీసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆరు వోల్టులకు పుట్టినదానికి ఇంకెప్పుడూ పన్నెండు వోల్టులు ఎక్కించను. ఆ లెక్కలో నేనూ ఉన్నాను.